అయిదు నిమిషాలకోసారి

మంగళవారం ఉదయం పదీ ముప్పై అయిదుకి టైలర్‌ని అతని షాపులోనే, ట్రయల్ రూమ్ కర్టెన్ వెనక చంపేశారు. సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఒకే బుల్లెట్. బయట కౌంటర్ దగ్గర గుండీల డబ్బాలు సర్దుకుంటున్న అతని భార్యకి ఏమీ వినిపించలేదు. కొలతలు ఇవ్వడానికి వచ్చిన మనిషి బూడిద రంగు కోటులో ఉన్నాడనీ, కుడి కనుబొమ్మ మీద గాటు ఉందనీ, "మళ్లీ వస్తానమ్మా" అని మర్యాదగా చెప్పి వెళ్లాడనీ ఆవిడ తర్వాత చెప్పింది.

అంతకు పావుగంట ముందు అదే షాపులోంచి ఏజెంట్ పంతొమ్మిది బయటికి వచ్చాడు.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ పంతొమ్మిది అనే పిలుస్తారు. నలభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్ల ఫీల్డ్ సర్వీసు. ఆ ఉదయం కోడ్ సరిగానే నడిచింది. ఎడమ జేబు కాస్త లోతుగా కుట్టమని ఇతనన్నాడు. లోతు జేబుల్లో తాళాలు దొరకవు సార్ అని టైలర్ అన్నాడు. ఊళ్లో తిష్ట వేసిన విదేశీ ముఠాలోంచి టైలర్ ఎలాగో ఒక మనిషిని సంపాదించి సమాచారం లాగుతున్నాడు. ఆ మనిషి ఎవరో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడిక చెప్పలేడు కూడా. కొత్త కోటు లైనింగ్ లోపల తెల్ల దారంతో కుట్టి ఇచ్చినవి మూడే మాటలు: గురువారం. పదకొండు. డాక్టర్.

మధ్యాహ్నం చీఫ్ రూమ్‌లో బ్రీఫింగ్. చీఫ్ కూర్చోలేదు. కిటికీ పక్కన నిలబడి మాట్లాడాడు. గురువారం పదకొండుకి మన రాయబారి పొరుగు దేశంతో సరిహద్దు ఒప్పందం మీద సంతకం పెడుతుంది. రెండేళ్లు చర్చలు జరిపిన మనిషి ఆవిడ. ఆ కుర్చీలో ఆవిడకి ఏమన్నా అయితే ఒప్పందం పోతుంది, ఆ తర్వాత ఏం పోతాయో లెక్క చెప్పలేం. లైనింగ్‌లో డాక్టర్ అని ఉంది కాబట్టి కాన్ఫరెన్స్ బిల్డింగ్‌లో డాక్టర్లందర్నీ మార్చేశారు. పదిన్నరకి హాలు సీలు చేస్తారు. లోపలికి ఫోన్ సిగ్నల్ కూడా వెళ్లదు.

"అది సరే," అన్నాడు చీఫ్. "టైలర్ సంగతి చెప్పు. ఆ షాపు మనదని తెలిసింది నీకూ నాకూ. వాళ్లకి ఎలా తెలిసింది?"

"తెలీదు సార్."

"నిన్నెవరూ ఫాలో కాలేదు?"

"లేదు. మూడు బస్సులు మారాను."

"ఒంటి మీద ఏమన్నా ఉందా? ఫోన్, స్మార్ట్ వాచ్, ఇంకేదన్నా?"

పంతొమ్మిది ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఏమీ లేదు సార్."

చొక్కా ఎడమ చేతి కింద, భుజానికి బెత్తెడు దిగువన, రూపాయి బిళ్లంత సెన్సర్ అతికించి ఉంది. ప్యాంటు లోపలి జేబులో అగ్గిపెట్టెంత రిసీవర్. అందులో సిమ్ ఉంది. సెన్సర్ చూసిన షుగర్ రీడింగ్‌ని అది అయిదు నిమిషాలకోసారి టెలీ క్లినిక్‌కి పంపుతుంది. అతనికి ఏడాదిగా షుగర్. ఇన్సులిన్ మీద ఉన్నాడు. ఆ సంగతి బయటపడితే ఫీల్డ్ నుంచి తీసేసి డెస్కు మీద కూర్చోబెడతారు. అందుకని దొంగ పేరుతో, లిఫ్ట్ మెకానిక్‌నని చెప్పి, స్క్రీన్ మీదే డాక్టర్‌కి చూపించుకుంటున్నాడు. అది ఫోన్ కాదు కదా అని ఏడాదిపాటు తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ రిసీవర్ పొద్దున టైలర్ షాపులో కూడా అతని జేబులోనే ఉంది.

"మన లోపలే ఎవడో ఉన్నాడు," అన్నాడు చీఫ్. "ఆ లీక్ దొరికేదాకా ఏ ఫీల్డ్ మనిషి మాట మీదా నేను ఒక్క తలుపు కూడా తెరవను. నీ మాట మీద కూడా."

బయట కారిడార్‌లో టైలర్ భార్య బెంచీ మీద కూర్చుని ఉంది. స్టేట్‌మెంట్ ఇవ్వడానికి పిలిపించారు. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టుంది. అతన్ని గుర్తుపట్టి లేచి నిలబడింది.

"వాళ్లకి ఎలా తెలిసింది బాబూ?" అని అడిగింది. "ఆయన నాక్కూడా సగం చెప్పేవారు కాదు."

చూస్తున్నామమ్మా అన్నాడు. ఆ మాట టేపు వైపు చూస్తూ అన్నాడు. ఆవిడ మొహం వైపు చూడలేకపోయాడు.

---

బేస్‌మెంట్‌లో గాడ్జెట్ సెక్షన్. అక్కడ మాస్టారు ఉంటారు. ఒకప్పుడు ఆయన కూడా ఫీల్డ్ ఏజెంటే. పంతొమ్మిదికి పని నేర్పింది ఆయనే. తొమ్మిదేళ్ల కిందట ఆయనకి చెవుడు వస్తోందని, దాన్ని దాచుకుని డ్యూటీ చేస్తున్నారని చీఫ్‌కి రిపోర్ట్ వెళ్లింది. వారం తిరక్కుండా ఆయన్ని బేస్‌మెంట్‌కి దింపేశారు. ఆ రిపోర్ట్ రాసింది పంతొమ్మిదే. టీమ్ సేఫ్టీ కోసం రాశానని అప్పట్లో నమ్మాడు. ఇప్పటికీ అలాగే నమ్మాలని ప్రయత్నిస్తుంటాడు.

మాస్టారు బల్ల మీద సరంజామా పరిచి ఒక్కొక్కటీ చూపించారు. కెమెరా ఉన్న కళ్లజోడు. జామర్ దాచిన స్క్రూడ్రైవర్. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి ఎత్తి కుడి చెవి దగ్గర పెట్టుకున్నారు. చెవి మిషన్ సరిచేసుకుని గడియారం చూశారు. కాసేపయ్యాక మళ్లీ అదే పని చేశారు.

"అయిదు నిమిషాలకోసారి," అన్నారు, తల ఎత్తకుండా. "నువ్వు నా పక్కన నిలబడితే నా మిషన్‌లో జుయ్‌మని మోగుతుంది. సిమ్ ఉన్న వస్తువు ఏదన్నా సిగ్నల్ పంపితే అలా అవుతుంది. ఏడాదై వింటున్నాను. షుగరా?"

పంతొమ్మిది తల ఊపాడు.

"ఇంకెవరికన్నా తెలుసా?"

"డాక్టర్‌కి," అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాకే దాని అర్థం తెలిసింది. లైనింగ్‌లో కుట్టిన మూడో మాట. రీడింగులతో పాటు అతను ఎక్కడున్నాడో కూడా అయిదు నిమిషాలకోసారి చేరుతున్న మనిషి. టైలర్ షాపు దారి ముఠాకి చూపించింది ఎవరో కాదు. తన జేబే.

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మాస్టారు నీళ్లిచ్చారు. ఇప్పుడే పైకెళ్లి చీఫ్‌కి చెప్పేయమన్నారు. పంతొమ్మిది కుదరదన్నాడు. గురువారం అయ్యాక చెబుతానన్నాడు. పదకొండుకి పని మొదలెట్టబోతుండగా తనే వెళ్లి ఆ డాక్టర్‌ని పట్టుకుంటాడు, టైలర్ రుణం తీర్చుకుంటాడు, ఆ తర్వాత ఏ శిక్షయినా సరే. వింటుంటే తన మాటలు తనకే చేదుగా ఉన్నాయి. రెండు రోజులు ఇంకా ఫీల్డ్ ఏజెంట్‌గా ఉండాలన్న ఆశ తప్ప వాటిలో ఏమీ లేదు.

"ఏడాదిగా తెలిసి కూడా మీరెందుకు రిపోర్ట్ చెయ్యలేదు మాస్టారూ?"

"రిపోర్ట్ అయితే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి," అన్నారు ఆయన. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

నేను కూడా తప్పే చేశాను, అప్పుడే నోరు విప్పి ఉంటే ఆ టైలర్ బతికేవాడు అన్నారు. తర్వాత పనిలో పడ్డారు. రిసీవర్ ఆపేస్తే ముఠాకి అనుమానం వస్తుంది. అందుకని దాన్ని ఆయన తీసుకున్నారు. సెన్సర్ పదిరోజులకోసారి ఎలాగూ మార్చాలి. ఒక కొత్త సెన్సర్ తన చేతికే అంటించుకుని దానికి జత చేశారు. ఇక క్లినిక్ స్క్రీన్ మీద పంతొమ్మిది ఆఫీసులో, ఇంట్లో, బుద్ధిగా తిరుగుతూ కనిపిస్తాడు.

"నీ షుగర్ ఎంతుందో నీకు తెలీదు మరి," అన్నారు. "టైముకి తిను."

---

గురువారం పదిన్నరకి ఒక లిఫ్ట్ మెకానిక్ టెలీ క్లినిక్ ఉన్న పన్నెండంతస్తుల బిల్డింగ్ మేడ మీద మోటార్ రూమ్‌లో కూర్చుని ఉన్నాడు. నూనె మరకల ఓవరాల్, మెడలో ఐడీ కార్డు. ఏడాదిగా చెప్పిన అబద్ధానికి తగ్గ పని మొదటిసారి చేస్తున్నాడు. పొద్దున ఇన్సులిన్ వేసుకున్నాడు గానీ తినలేదు. ముద్ద దిగలేదు.

ముందున్న చిన్న మానిటర్‌లో లిఫ్ట్ లోపల కనిపిస్తోంది. పదీ నలభైకి కింద ఫ్లోర్‌లో ఒకే ఒక మనిషి ఎక్కాడు. బూడిద రంగు కోటు. కుడి కనుబొమ్మ మీద గాటు. పన్నెండో నంబర్ నొక్కాడు. పంతొమ్మిది చూస్తూ కూర్చుని, లిఫ్ట్ ఏడు దాటాక, ఎనిమిది రాకముందు స్విచ్ కిందికి లాగాడు. ఆ మనిషి తలుపు తట్టాడు, తర్వాత గుద్దాడు, తర్వాత ఫోన్ తీశాడు. లిఫ్ట్ పెట్టె కప్పు మీద స్క్రూడ్రైవర్ జామర్ అప్పటికే ఆన్‌లో ఉంది, దాని సత్తువ ఆ పెట్టె వరకే. పంతొమ్మిది దాన్ని అక్కడే వదిలేసి మెట్లు దిగాడు.

పన్నెండో అంతస్తంతా క్లినిక్. ఇలా ఉంటుందని అతను అనుకోలేదు. పెద్ద హాల్లో నలభై మంది నర్సులు స్క్రీన్ల ముందు కూర్చుని ఉన్నారు. ఒక్కో స్క్రీన్ మీద ఎక్కడెక్కడి వాళ్లవో గుండె లయలు, షుగర్ గీతలు, ఊపిరి లెక్కలు. ఒక నర్సు ఎవరికో ఫోన్ చేసి, తాతగారూ, పొద్దున మాత్ర వేసుకోలేదు కదూ, గీత చెబుతోంది అని బతిమాలుతోంది. ఇంకొకామె నెలలు నిండిన ఎవరో అమ్మాయికి, బీపీ పెరుగుతోంది తల్లీ, నడవొద్దు, అంబులెన్స్ వీధి చివరికి వచ్చేసింది అని ధైర్యం చెబుతోంది. ఆస్పత్రి గుమ్మం తొక్కకుండానే జనం బతుకుతున్నారు ఇక్కడ. తను కూడా ఏడాది బతికాడు. ఈ మంచి జాగాలోంచే టైలర్ షాపు అడ్రసు బయటికి వెళ్లింది.

చివరి గదిలో డాక్టర్ ఒంటరిగా ఉంది. స్క్రీన్ మీద చూసిన మనిషే. తెల్లకోటు మీద ఎర్ర సిల్కు స్కార్ఫ్, ఎవరైనా రెండోసారి చూసే మొహం. ఆ గొంతు వినడానికే అతను కొన్నిసార్లు అవసరం లేని సందేహాలు అడిగేవాడు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

అతను పిస్టల్ తీశాడు. ఆవిడ చేతులెత్తలేదు.

"మెకానిక్‌గారూ, మీరు వస్తారని తెలుసు," అంది. "మొన్నటి నుంచి మీ పేరు మీద వస్తున్న గీత మీది కాదు. భోజనం చేశాక మీ షుగర్ ఎప్పుడూ అంత బుద్ధిగా ఉండదు. వాళ్లు అడిగితే మీరు ఆఫీసులోనే ఉన్నారని చెప్పాను."

"టైలర్‌ని చంపించి ఇప్పుడు నన్ను కాపాడుతున్నారా?"

ఆవిడ కళ్లు దించుకుంది. టైలర్‌కి ఏడు నెలలుగా సమాచారం ఇస్తున్నది తనేనంది. లైనింగ్‌లోని మాటలు అతను చెబితే, డాక్టర్ అంటే పట్టుకోమని కాదు, కలవమని అంది. ముఠా చేతిలో ఎలా పడిందో కూడా చెప్పింది. రెండేళ్ల కిందట ఒక పేషంట్ గుండె తడబడుతోందని అలర్ట్ వచ్చింది. తను చూడలేదు. కునుకు తీసింది. ఆ మనిషి పోయాడు. ముఠా ఆ రికార్డు చెరిపేసి, కాపీ ఒకటి తమ దగ్గర పెట్టుకుంది. అప్పటి నుంచి వాళ్లు అడిగిన పేషంట్ల లొకేషన్లు పంపుతోంది. రోజూ డిపార్ట్‌మెంట్ వీధిలో ఆగే లిఫ్ట్ మెకానిక్ ఎవరో వాళ్లే కనిపెట్టారు.

"మంగళవారం పొద్దున మీ లొకేషన్ పంపింది నేనే. మీరు వెళ్తున్నది ఆయన దగ్గరికని నాకు తెలీదు," అంది.

అతను పిస్టల్ దించాడు. తిట్టడానికి మాటలున్నాయి గానీ వాటిలో ఒక్కటీ తనకి తగలకుండా పోదు.

ఆవిడ త్వరత్వరగా మిగతాది చెప్పింది. రాయబారి తన పేషంటే. ఆవిడ నడుముకి ఇన్సులిన్ పంపు ఉంది. దూరం నుంచే మోతాదు మార్చగల పంపు. ఆవిడకి పంపు ఉందని ఎవరికీ తెలీదు. అవతలి దేశం వాళ్ల ముందు జబ్బు మనిషిలా కనపడటం ఇష్టంలేక దాచుకుంది. నిన్న ముఠా వాళ్లు వచ్చి ఆ పంపులోకి ఒక ఆర్డర్ ఎక్కించారు. సరిగ్గా పదకొండుకి అందులో ఉన్న మందంతా ఒకేసారి ఒంట్లోకి దిగిపోతుంది. పేషంట్ ఎవరో తనకి తెలిసింది అప్పుడే. అప్పటికి టైలర్ లేడు.

"ఇక్కడి నుంచి ఆపలేరా?"

"హాలు సీలు చేశాక సిగ్నల్ లోపలికి పోదు. ఎవరో తలుపు తీసి లోపలికెళ్లి ట్యూబ్ ఊడదియ్యాలి. నిన్నటి నుంచి రెండుసార్లు పోలీసులకి ఫోన్ కలిపి పెట్టేశాను. నా పేరు అడుగుతారని."

గోడ మీద గడియారంలో పదీ యాభై నాలుగు.

అతను ఫోన్ తీసి చీఫ్‌కి కలిపాడు. అంకెలు నొక్కుతుంటే వేళ్లు వణికాయి. మెడ వెనక చెమట. భయమనుకున్నాడు. చీఫ్ ఆపరేషన్ రూమ్‌లో స్పీకర్ మీద ఉన్నాడు. వెనక డజను మంది గొంతులు వినిపిస్తున్నాయి.

హాలు తెరవండి సార్, రాయబారి నడుముకి పంపు ఉంది, దాన్ని ఊడదీయండి అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"తాగావా?"

"లేదు సార్."

"ఆవిడ మెడికల్ ఫైలు నా ముందే ఉంది. పంపూ లేదు, షుగరూ లేదు. ఫైలు శుభ్రంగా ఉంది. ఎవరు చెప్పారు నీకు?"

"వాళ్ల డాక్టర్."

అవతల ఎవరో నవ్వారు. లీక్ దొరికేదాకా ఎవరి మాట మీదా తలుపు తెరవనని మంగళవారమే చెప్పానన్నాడు చీఫ్. రెండు దేశాల వాళ్లు చూస్తుండగా శత్రువుల డాక్టర్ మాట మీద గన్‌మెన్‌ని హాల్లోకి పంపమంటావా అన్నాడు. లైన్ కట్ చెయ్యబోతున్నట్టు గొంతు దూరమైంది.

పంతొమ్మిది గోడకి ఆనుకున్నాడు. గడియారం ముల్లు రెండుగా కనిపిస్తోంది. పదీ యాభై ఆరు.

"సార్, ఫైలు శుభ్రంగానే ఉంటుంది," అన్నాడు. "నాదీ శుభ్రంగానే ఉంది. నాకు ఏడాదిగా షుగర్. ఇన్సులిన్ మీద ఉన్నాను. మంగళవారం మీరడిగినప్పుడు నా చేతి మీద మిషన్ ఉంది, జేబులో సిమ్ ఉంది. మీరు వెతుకుతున్న లీక్ నేనే. టైలర్ దగ్గరికి వాళ్లని తీసుకెళ్లింది నేనే."

ఆపరేషన్ రూమ్‌లో గొంతులన్నీ ఆగిపోయాయి. ఇరవై రెండేళ్లుగా సంపాదించుకున్న పేరంతా డజను మంది ముందు అలా జారిపోతుంటే పట్టుకోవడానికి చెయ్యి కూడా లేవలేదు.

"తలుపు తెరవండి," అన్నాడు చీఫ్. అది అతనితో కాదు.

ఫోన్ చేతిలోంచి జారింది. డాక్టర్ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి నర్సుల గదిలోంచి పంచదార నీళ్లు తెచ్చింది. గ్లాసు తనే పట్టుకుని తాగించింది. అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఇన్సులిన్ వేసుకుని తినకుండా తిరగొద్దని ఎన్నిసార్లు చెప్పాను అంటూ ఏడ్చింది.

ఆ తర్వాత సంగతి అతను రిపోర్ట్‌లో చదివాడు. ఇద్దరు గార్డులు లోపలికి వెళ్లేసరికి రాయబారి పెన్ను మూత తీస్తోంది. పంపు అన్న మాట చెవిలో పడగానే ఆవిడ మొహం పాలిపోయింది. అందరి ముందు ఒప్పుకోవాలా వద్దా అని ఆలోచించింది. పది సెకన్లు ఆలోచించింది. తర్వాత జాకెట్ కిందికి చెయ్యి పోనిచ్చి ట్యూబ్ లాగేసింది. పదకొండు కొట్టింది. పంపు గుర్‌మని తిరిగి, మందంతా టేబుల్ క్లాత్ మీద కక్కింది. అవతలి దేశపు మంత్రి దాన్ని చూసి, నెమ్మదిగా తన కోటు తీసి గుండె మీద అతికించిన, గుండె లయ చూసే ప్యాచ్ చూపించాడట. ఇద్దరూ పదకొండూ ఇరవైకి సంతకాలు పెట్టారు. బూడిద రంగు కోటు మనిషిని ఏడుకీ ఎనిమిదికీ మధ్య నుంచి పోలీసులు తాడుతో దింపారు. ముఠాలో మిగతావాళ్లు సాయంత్రానికి దొరికారు. డాక్టర్ తన పాత రికార్డు తనే రాసి సంతకం పెట్టి లొంగిపోయింది.

శనివారం మధ్యాహ్నం పంతొమ్మిది టైలర్ షాపుకి వెళ్లాడు. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. టైలర్ భార్య కౌంటర్ వెనక ఉంది. సగం కుట్టిన బట్టలు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లకి పొట్లాలు కట్టి ఇస్తోంది. అందరూ వెళ్లేదాకా నిలబడి, వాళ్లకి ఎలా తెలిసిందో చెప్పాడు. తప్పించుకునే మాట ఒక్కటి కూడా కలపలేదు.

ఆవిడ చివరిదాకా విన్నది. "ఏదీ, చూపించండి," అంది.

అతను చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆవిడ దగ్గరికొచ్చి, వంగి, సెన్సర్ వైపు చాలాసేపు చూసింది.

"ఇంత చిన్నదా," అంది. తర్వాత వెనక్కి తిరిగి గుండీల డబ్బా మూత పెట్టింది. అతను ఇంకాసేపు నిలబడ్డాడు. ఆవిడ మళ్లీ ఇటు చూడలేదు.

సోమవారం నుంచి అతనికి బేస్‌మెంట్‌లో డెస్కు. పై అధికారి మాస్టారు. కొత్త రూల్ వచ్చింది: ఫీల్డయినా డెస్కయినా, ఒంటి మీద మిషన్ ఉంటే అది డిపార్ట్‌మెంట్‌దే అయ్యుండాలి, రీడింగులు పై అధికారికి వెళ్లాలి. మొదటి రోజు నాలుగింటికి మాస్టారు అతని టేబుల్ దగ్గరికి వచ్చి, టీతో బిస్కెట్లు ఎన్ని తిన్నావని అడిగారు. ఒకటి అనబోయి పంతొమ్మిది ఆగాడు. ఇకమీదట నిజమే చెప్పాలని శనివారమే అనుకున్నాడు.

"మూడు," అన్నాడు.

మాస్టారు స్క్రీన్ వైపు చూసి, "నాలుగు," అని దిద్దారు.